కళాశాల క్రీడాకారులు - మద్యపానం

కళాశాల విద్యార్థుల మద్యపానం వారి క్రీడా సామర్థ్యాన్ని, ఆరోగ్యాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తుందనేది క్రీడావైద్యంలో ముఖ్యమైన విషయం. దీనిపై జరిగిన పరిశోధనలలో ఎక్కువ భాగం అమెరికా సంయుక్త రాష్ట్రాలు, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్ దేశాలకు చెందినవి. మద్యం వలన ఆటగాడికి కలిగే నష్టం మత్తులో ఉన్న కొద్ది గంటలకే పరిమితం కాదు. ఆట ముగిశాక కండరాలు బాగుపడవలసిన ఒకటి రెండు రోజులలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. కళాశాల జట్లలో తాగుడు ఎక్కువగా సాగేది కూడా సరిగ్గా ఆ సమయంలోనే, అంటే పోటీ ముగిసిన రాత్రి.

మద్యం మోతాదు

మద్య పానీయాలలో మత్తు కలిగించే పదార్థం ఇథైల్ ఆల్కహాలు. పానీయం ఏదైనా శరీరం మీద పనిచేసేది దానిలోని ఆల్కహాలు బరువే. అందువలన వైద్యులు 'ప్రామాణిక మోతాదు' అనే కొలతను వాడుతారు. ఇది అమెరికాలో 14 గ్రాములు, ఆస్ట్రేలియాలో 10 గ్రాములు, బ్రిటన్‌లో 8 గ్రాములు. మన దేశంలో వాడుకలో ఉన్న కొలతలలో ఆల్కహాలు సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

* 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా బ్రాందీ (42.8 శాతం): 10 గ్రాములు
* 60 మిల్లీలీటర్ల పెగ్గు: 20 గ్రాములు
* 650 మిల్లీలీటర్ల బీరు సీసా (5 శాతం): 26 గ్రాములు
* అదే పరిమాణంలో స్ట్రాంగ్ బీరు (8 శాతం): 41 గ్రాములు

దీనిని బట్టి ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానమని తెలుస్తుంది. బీరు తేలికపాటి పానీయమనే నమ్మకానికి ఆధారం లేదు.

శరీరంలో మద్యం

ఆల్కహాలు జీర్ణం కానవసరం లేకుండానే జీర్ణాశయం, చిన్నప్రేగుల గోడల గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. దానిలో 90 శాతానికి పైగా కాలేయమే విచ్ఛిన్నం చేస్తుంది. మొదట అది ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగాను, తరువాత ఎసిటేట్‌గాను మారుతుంది. ఊపిరి, మూత్రం, చెమటల ద్వారా బయటికి పోయేది స్వల్పభాగం మాత్రమే.

కాలేయం పనిచేసే వేగం దాదాపు స్థిరంగా ఉంటుంది. రక్తంలోని ఆల్కహాలు సగటున గంటకు 100 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. ఉదాహరణకు అర్ధరాత్రి 12 గంటలకు ఒక విద్యార్థి రక్తంలో 150 మిల్లీగ్రాములు ఉన్నదనుకుంటే, ఉదయం 6 గంటలకు మైదానానికి వచ్చేసరికి ఇంకా 60 మిల్లీగ్రాములు మిగిలి ఉంటుంది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం అనుమతించే పరిమితి 30 మిల్లీగ్రాములు. అంటే నిద్రపోయి లేచిన తరువాత కూడా ఆ విద్యార్థి చట్టపరిమితికి రెట్టింపు మత్తులో సాధన చేస్తున్నట్లు లెక్క.

స్త్రీల శరీరంలో నీటిశాతం తక్కువ కనుక, ఒకే బరువున్న స్త్రీపురుషులు ఒకే మోతాదు తీసుకున్నప్పటికీ స్త్రీ రక్తంలో ఆల్కహాలు గాఢత ఎక్కువగా ఉంటుంది.

ఆటపై తక్షణ ప్రభావం

మద్యం కేంద్ర నాడీమండలాన్ని మందగింపజేస్తుంది. శరీరపు తూకాన్ని, కదలికల పొందికను చూసే చిన్నమెదడు దాని ప్రభావానికి త్వరగా లోనవుతుంది. ఫలితంగా బంతి రాకను గుర్తించి స్పందించడానికి పట్టే కాలం పెరుగుతుంది. చేతికి కంటికి మధ్య సమన్వయం, గురి, నిర్ణయశక్తి తగ్గుతాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 1982లో వెలువరించిన ప్రకటనలో, మద్యం ఆటగాడి శారీరక సామర్థ్యాన్ని పెంచదని, ప్రతిస్పందన, సమతౌల్యం, సమన్వయం వంటి నైపుణ్యాలను దెబ్బతీస్తుందని పేర్కొన్నది.

మద్యం సేవించినప్పుడు కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయడం మందగిస్తుంది. అందువలన సుదీర్ఘమైన పరుగు, ఈత, సైకిల్ పందెం వంటి వాటిలో రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నది. చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచించడం వలన చలి వాతావరణంలో శరీరోష్ణత త్వరగా తగ్గుతుంది.

కోలుకొనే దశలో నష్టం

కఠినమైన పోటీ తరువాత శరీరం నాలుగు పనులు చేయవలసి ఉంటుంది. అవి కోల్పోయిన నీటిని తిరిగి నింపుకోవడం, ఖర్చైన ఇంధనాన్ని నిల్వచేసుకోవడం, కండరాలను బాగుచేసుకోవడం, నిద్రపోవడం. మద్యం ఈ నాలుగింటికీ అడ్డుపడగలదు.

* నీరు: మూత్రం ద్వారా నీరు అతిగా పోకుండా కాపాడే వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలను మద్యం అణచివేస్తుంది. స్కాట్లాండ్‌కు చెందిన షిరెఫ్స్, మాగన్ అనే శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాయామం తరువాత 4 శాతం ఆల్కహాలు ఉన్న పానీయం తాగినవారిలో రక్త పరిమాణం యథాస్థితికి రావడం ఆలస్యమైనది.
* ఇంధనం: కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకొంటాయి. మద్యం గ్రాముకు 7 కిలో కేలరీల శక్తినిచ్చినప్పటికీ అది గ్లైకోజెన్‌గా మారదు. తాగే రాత్రి ఆటగాడు సరైన భోజనం మానివేయడం వలన ఈ నష్టం మరింత పెరుగుతుంది.
* కండరాలు: ఆస్ట్రేలియాలో 8 మంది యువకులపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాయామం తరువాత శరీరబరువులో కిలోకు 1.5 గ్రాముల చొప్పున ఆల్కహాలు ఇచ్చారు. కండరాలలో కొత్త మాంసకృత్తులు తయారుకావడం 37 శాతం తగ్గింది. మద్యంతో పాటు మాంసకృత్తుల పానీయం ఇచ్చినప్పటికీ 24 శాతం తగ్గుదల కనిపించింది. కనుక మంచి ఆహారం తీసుకుంటే తాగుడు హాని చేయదనే వాదన నిలవదు.
* బలం: న్యూజీలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో, తొడ కండరాలను తీవ్రంగా శ్రమపెట్టిన తరువాత కిలోకు 1 గ్రాము ఆల్కహాలు తీసుకున్నవారిలో బలం కోల్పోవడం ఒకటిన్నర రోజు గడిచినా ఎక్కువగానే ఉన్నదని గుర్తించారు. కిలోకు 0.5 గ్రాముల మోతాదులో మాత్రం ఈ తేడా కనిపించలేదు. నష్టం మోతాదును బట్టి ఉంటుందని దీనివలన అర్థమవుతుంది.
* నిద్ర: మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది గాని, కలలు వచ్చే నిద్రాదశను తగ్గిస్తుంది. రాత్రి రెండవ భాగంలో మెలకువలు పెరుగుతాయి.

గాయపడిన ఆటగాడి విషయంలో మరొక ప్రమాదం ఉన్నది. మత్తు నొప్పిని కప్పిపుచ్చడం వలన బెణికిన కాలిమీదనే నడవడం, చికిత్స ఆలస్యం కావడం జరుగుతాయి. నొప్పి తగ్గడానికి వాడే ఐబుప్రొఫెన్‌తో మద్యం కలిస్తే జీర్ణాశయంలో రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది. అతిగా తాగేవారు పారాసిటమాల్ వాడితే కాలేయానికి హాని కలగవచ్చును.

ఆరోగ్యంపై ప్రభావం

మెదడు ఎదుగుదల సుమారు 25 సంవత్సరాల వయసు వరకు కొనసాగుతుంది. విచక్షణకు, ఆత్మనిగ్రహానికి ఆధారమైన ముందుభాగం చివరగా పరిణతి చెందుతుంది. అందువలన ఈ వయసులో అతిగా తాగడం జ్ఞాపకశక్తికి, చదువుకు చేటు. ఒకేసారి ఎక్కువగా తాగినప్పుడు, మనిషి మెలకువగా తిరుగుతూ మాట్లాడుతూ ఉన్నప్పటికీ ఆ గంటల జ్ఞాపకం మెదడులో నమోదు కాకపోవచ్చును.

దీర్ఘకాలంలో కాలేయవ్యాధి, అధిక రక్తపోటు, గుండెలయలో తేడాలు, వ్యసనం కలుగుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్య పానీయాలను మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గం పదార్థాలలో చేర్చినది. ఆరోగ్యానికి హాని లేని మద్యపాన పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

అమెరికా కళాశాలలలో

అమెరికాలో 1984 నాటి చట్టం ఫలితంగా 1988 నాటికి అన్ని రాష్ట్రాలలోను మద్యం కొనుగోలుకు కనీస వయసు 21 సంవత్సరాలయింది. అయినప్పటికీ కళాశాలలలో తాగుడు ఆగలేదు. హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయానికి చెందిన హెన్రీ వెక్స్‌లర్ నాయకత్వంలో 1993, 1997, 1999, 2001 సంవత్సరాలలో జరిగిన సర్వేలలో, ప్రతి ఐదుగురు విద్యార్థులలో ఇద్దరికి మించి ఒక్కపెట్టున అతిగా తాగినట్లు తేలింది. పురుషులు వరుసగా 5, స్త్రీలు 4 ప్రామాణిక మోతాదులు తీసుకోవడాన్ని ఈ సర్వేలు అతిపానంగా పరిగణించాయి. ఆటలాడని విద్యార్థులకన్న క్రీడాకారులలోనే అతిపానం ఎక్కువని ఈ అధ్యయనం బయటపెట్టింది. ఆరోగ్యం పట్ల ఎక్కువ శ్రద్ధ చూపుతారనుకునే వర్గంలో ఈ ఫలితం రావడం చాలామందిని ఆశ్చర్యపరచింది.

విజయోత్సవాలు, పోటీల ఒత్తిడి, కొత్తగా చేరినవారిని జట్టులో కలుపుకొనే పేరుతో జరిగే ర్యాగింగ్, పోటీలు లేని కాలంలో దొరికే వెసులుబాటు దీనికి ముఖ్య కారణాలు. అమెరికాలో 18-24 సంవత్సరాల కళాశాల విద్యార్థులు ఏటా సుమారు 1,500 మంది మద్యంతో ముడిపడిన ప్రమాదాలలో మరణిస్తున్నారని అక్కడి జాతీయ మద్యపాన పరిశోధనా సంస్థ అంచనా.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కూడా మద్యం కొనుగోలుకు కనీస వయసు 21 సంవత్సరాలే. కనుక ఇక్కడి డిగ్రీ విద్యార్థులలో ఎక్కువ మంది ఆ వయసు లోపువారే.

క్రీడా చరిత్రలో మద్యం

ఒకప్పుడు మద్యాన్ని శక్తినిచ్చే పానీయంగా భావించేవారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్ విజేత థామస్ హిక్స్‌కు పరుగు మధ్యలో స్ట్రిక్నిన్ అనే విషపదార్థం, గ్రుడ్డు తెల్లసొన, బ్రాందీ ఇచ్చారు. గమ్యం చేరేసరికి అతడు సొమ్మసిల్లే స్థితిలో ఉన్నాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వీడన్‌కు చెందిన హాన్స్ గున్నార్ లిల్యెన్వాల్, పిస్తోలు పోటీకి ముందు చేతి వణుకు తగ్గడానికి బీరు తాగి అనర్హుడయ్యాడు. ఒలింపిక్స్‌లో నిషిద్ధ పదార్థాల కారణంగా అనర్హతకు గురైన మొదటి వ్యక్తి ఇతడే. అతని జట్టు కాంస్య పతకాన్ని తిరిగి ఇచ్చివేసింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2018లో మద్యాన్ని తన నిషిద్ధ జాబితా నుండి తొలగించి, ఆ బాధ్యతను ఆయా క్రీడా సమాఖ్యలకు అప్పగించింది.

అపోహలు - వాస్తవాలు

* ఉదయం పరుగెత్తితే మద్యం చెమటలో పోతుంది: పోదు. కాలేయం వేగాన్ని వ్యాయామం పెంచదు. నీటి కొరత మాత్రం పెరుగుతుంది.
* కాఫీ, చన్నీటి స్నానం మత్తు దించుతాయి: మెలకువ వచ్చినట్లు అనిపించినా రక్తంలోని ఆల్కహాలు తగ్గదు.
* దృఢమైన శరీరానికి మద్యం హాని చేయదు: కండబలం కాలేయాన్ని గాని మెదడును గాని కాపాడదు. అలవాటుపడినవారికి మత్తు తక్కువగా తెలిసినంత మాత్రాన హాని తగ్గదు.

ప్రాణాపాయ లక్షణాలు

అతిగా తాగినవారిలో ఈ లక్షణాలు కనిపిస్తే మద్యవిషమని భావించి వెంటనే అంబులెన్సును పిలవాలి. తెలుగు రాష్ట్రాలలో 108కి, అమెరికాలో 911కి ఫోను చేయాలి.

* పిలిచినా, గిచ్చినా లేవకపోవడం
* నిమిషానికి 8 కన్న తక్కువ శ్వాసలు, లేదా శ్వాసల మధ్య 10 సెకన్లకు మించి విరామం
* చర్మం చల్లబడడం, పాలిపోవడం, పెదవులు నీలంగా మారడం
* స్పృహ సరిగా లేనప్పుడు వాంతులు, మూర్ఛ

సహాయం వచ్చేలోగా రోగిని వెల్లకిల పడుకోబెట్టకుండా పక్కకు తిప్పి ఉంచాలి. వాంతి శ్వాసనాళంలో చేరి ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉన్నది. ఒంటరిగా వదలరాదు, బలవంతంగా వాంతి చేయించరాదు. 'పడుకుంటే దిగుతుంది' అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. చివరగా తాగిన మద్యం జీర్ణాశయం నుండి రక్తంలోకి చేరుతూనే ఉంటుంది కనుక, పడుకున్న తరువాత కూడా గాఢత పెరగవచ్చును. కళాశాలవారికి తెలుస్తుందనే భయంతో స్నేహితులు ఆలస్యం చేయకుండా ఉండేందుకు, సహాయం కోరినవారిపై చర్య తీసుకోకుండా అమెరికాలోని అనేక రాష్ట్రాలు చట్టాలు చేశాయి.

నివారణ

న్యూయార్క్ రాష్ట్రంలోని హోబర్ట్ కళాశాలలో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ 1986లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని ప్రచురించారు. తోటివారు నిజంగా తాగేదానికన్న ఎక్కువ తాగుతున్నారని విద్యార్థులు ఊహించుకుంటారు. ఆ ఊహకు తగినట్లు తామూ తాగుతారు. వాస్తవ లెక్కలను క్రీడాకారుల ముందు ఉంచినపుడు వారిలో ప్రమాదకరమైన తాగుడు తగ్గినట్లు పెర్కిన్స్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం చూపినది. నియమాలు విధించడంతో పాటు, ఆట ముగిసిన రాత్రి జట్టుకు భోజనం, నీరు, విశ్రాంతి ఏర్పాటు చేయడం శిక్షకుల బాధ్యత. శిక్షకుడు, జట్టు నాయకుడు స్వయంగా పాటించే అలవాటే కొత్త ఆటగాళ్లకు ఆదర్శమవుతుంది.

ఇవి కూడా చూడండి

* మద్యపానం
* కాలేయం
* వ్యాయామం
* ప్రథమ చికిత్స