పెరటిలో కీరదోస సాగు - చేదు నివారణ

కీరదోస (శాస్త్రీయ నామం: కుకుమిస్ సటైవస్) కుకుర్బిటేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక తీగ మొక్క. గుమ్మడి, సొర, బీర, కాకర, పుచ్చ కూడా ఈ కుటుంబములోనివే. దీని లేతకాయలను పచ్చిగా తింటారు. చిత్తూరు జిల్లా పశ్చిమ భాగమున ఉన్న బైరెడ్డిపల్లె, దాని చుట్టుపక్కల గల కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల వాతావరణం ఈ పంటకు అనుకూలమైనది. పెరట్లో, మిద్దె మీద పెంచేవారికి తరచుగా ఎదురయ్యే సమస్య కాయ చేదెక్కడం. ఈ చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే పదార్థం. సరైన యాజమాన్యంతో దీనిని చాలావరకు నివారించవచ్చు.

పేరు, పుట్టుక

తెలుగు నాట దోసకాయ అనే పేరు రెండు వేర్వేరు కాయలకు వాడుకలో ఉన్నది. పప్పులోను, పచ్చడిలోను వేసే గుండ్రని పసుపుపచ్చ దోసకాయ ఖర్బూజా జాతికి (కుకుమిస్ మెలో) చెందినది. పొడవుగా, ఆకుపచ్చగా ఉండేది కీరదోస. దీనిని కన్నడంలో సౌతెకాయి అనీ, తమిళంలో వెళ్ళరిక్కాయ్ అనీ అంటారు. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఈ ప్రాంతపు సంతలలో ఈ పేర్లు కూడా వినిపిస్తాయి.

కీరదోస పుట్టినిల్లు భారతదేశమే. హిమాలయ పాదప్రాంతాలలో నేటికీ పెరిగే దీని అడవి రకం (హార్డ్‌వికీ) కాయలు చిన్నవిగా, మిక్కిలి చేదుగా ఉంటాయి. మనుషులు తరతరాలుగా చేదు తక్కువగా ఉన్న కాయల విత్తనాలను ఎంచుకొని నాటుట వలన నేటి తినదగిన రకాలు ఏర్పడినవి.

చేదుకు కారణం

కుకుర్బిటాసిన్‌లు ఈ కుటుంబపు మొక్కలు తమ రక్షణ కొరకు తయారు చేసుకొనే పదార్థాలు. కీరదోసలో ప్రధానంగా ఉండేది కుకుర్బిటాసిన్-సి. ఆకులు, కాండం, వేర్లలో ఇది సహజంగానే ఉంటుంది. పశువులు, పలు పురుగులు దీని వలన మొక్కను తినక వదలివేస్తాయి. అయితే గుమ్మడి పెంకు పురుగు వంటి కొన్ని పెంకు పురుగులను ఇదే పదార్థం ఆకర్షిస్తుంది.

సాధారణ రకాలలో ఈ పదార్థం కాయలోనికి అంతగా చేరదు. 2014లో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో కుకుర్బిటాసిన్-సి తయారీలో పాల్గొనే 9 జన్యువులను గుర్తించారు. ఆకులలో చేదును నియంత్రించే జన్యువు, కాయలో చేదును నియంత్రించే జన్యువు వేర్వేరని కూడా ఈ పరిశోధన తెలిపింది. కాబట్టి ఆకు చేదుగా ఉన్న మొక్కకు తియ్యని కాయ కాయవచ్చు. అయితే నీటి ఎద్దడి, చలి వంటి ఒత్తిడి కలిగినపుడు మామూలు రకాల కాయలు కూడా చేదెక్కుతాయి.

ఈ ప్రాంతపు పరిస్థితులు

బైరెడ్డిపల్లె, కుప్పం, మదనపల్లె పరిసరాలు ఎత్తైన పీఠభూమి భాగములు. వేసవిలో ఎండ తీవ్రత కోస్తా మైదానాల కంటె కొంత తక్కువ. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రులు బాగా చల్లబడతాయి. నేలలు ఎక్కువగా ఎర్రనేలలు, నీటిని త్వరగా వదిలివేస్తాయి. సాగునీటికి బోరుబావులే ముఖ్య ఆధారం. బోరు ఎండిన రోజున గాని, కుళాయి నీరు రాని రోజున గాని పెరటి మొక్కకు నీరు అందదు. ఈ విధంగా చేదుకు దారితీసే రెండు కారణాలు, అనగా రాత్రి చలి, నీటి ఎద్దడి, ఇక్కడ ఉన్నవి. అందువలన ఈ ప్రాంతంలో విత్తే కాలము, నీరు పెట్టే పద్ధతి ముఖ్యమైనవి.

సాగు విధానం

* కాలం: జూన్-జూలై నెలలలో, లేదా చలి తగ్గిన తరువాత జనవరి చివరి నుండి ఫిబ్రవరి వరకు విత్తుకోవచ్చు. విత్తనం మొలకెత్తుటకు 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం.
* రకాలు: జపానీస్ లాంగ్ గ్రీన్, పాయిన్‌సెట్, పూసా ఉదయ్ మొదలైనవి. చేదు లేని రకమని పొట్లంపై తెలిపిన విత్తనాలను ఎంచుకోవడం మేలు.
* నేల: నీరు నిలువని, సేంద్రియ పదార్థం గల నేల కావాలి. కుండీలలో అయితే రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు చివికిన పశువుల ఎరువు, ఒక వంతు కొబ్బరి పొట్టు కలపాలి. కుండీ కనీసం 30 సెం.మీ. లోతు ఉండాలి.
* విత్తుట: విత్తనాలను ఒకటి రెండు సెం.మీ. లోతున, మొక్కల మధ్య 45 నుండి 60 సెం.మీ. ఎడం ఉండేటట్లు నాటాలి.
* పందిరి: తీగను పందిరి మీదికి గాని, వల మీదికి గాని పాకిస్తే కాయలు నేలకు తగలక నిటారుగా, శుభ్రంగా పెరుగుతాయి.
* పూత: మొదట మగపూలు వచ్చి రాలిపోతాయి. ఇది సహజం. తరువాత చిన్న పిందెతో ఆడపూలు వస్తాయి. తేనెటీగలు రాని మిద్దె తోటలలో ఉదయం పూట మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి అంటించవచ్చు.

చేదు రాకుండా జాగ్రత్తలు

నీటిని ఒకరోజు విపరీతంగా పెట్టి, తరువాత కొన్ని రోజులు ఎండబెట్టడం తగదు. కొద్దికొద్దిగా క్రమం తప్పక పెట్టాలి. పూత, కాత దశలలో ఇది మరీ అవసరం. మొక్క పక్కన చిన్న మట్టికుండను మెడ వరకు పాతి నీటితో నింపితే, ఆ నీరు మెల్లగా ఊరి వేళ్ళకు అందుతుంది. నీరు రాని రోజులలో ఇది ఆదుకుంటుంది. మొదళ్ళ చుట్టూ రాగి గడ్డిని గాని, వేరుశనగ పొట్టును గాని పరిస్తే తేమ నిలుస్తుంది.

మండువేసవిలో మధ్యాహ్నపు ఎండ నుండి కొంత నీడ కల్పించాలి. నత్రజని ఎరువులు మితిమీరి వేయరాదు. కాయలను ముదరనివ్వక, 15 నుండి 20 సెం.మీ. పొడవున లేతగా ఉన్నపుడే, రెండు రోజులకు ఒకసారి కోయాలి. పెంకు పురుగులు కనిపిస్తే ఉదయం పూట చేతితో ఏరివేయవచ్చు. దోస జాతి మొక్కలపై గంధకపు మందులు చల్లితే ఆకులు మాడిపోయే ప్రమాదం ఉన్నందున వాటిని వాడరాదు.

అపోహలు

పక్కన కాకర తీగ ఉంటే కీరదోస చేదెక్కుతుందని కొందరు నమ్ముతారు. ఇది నిజం కాదు. ఈ రెండింటి మధ్య సంకరం జరగదు. పైగా కాయలోని కండ తల్లి మొక్కదే గనుక, పుప్పొడి ఏ మొక్కదైనా ఆ ఏటి కాయ రుచి మారదు. కాని చేదు గల కీరదోస రకంతో పరపరాగ సంపర్కం జరిగితే, ఆ కాయ నుండి తీసిన విత్తనాలతో పెరిగే మొక్కలకు చేదు కాయలు రావచ్చు. అందువలన చేదుకాయ నుండి విత్తనం దాచుకోరాదు.

కాయ కొనను కోసి రుద్దితే చేదు నురుగుగా బయటకు పోతుందనేది మరొక నమ్మకం. చేదు సాధారణంగా తొడిమ వైపున, తోలు కింద ఎక్కువగా ఉంటుంది. కనుక తొడిమ వైపు రెండు మూడు సెం.మీ. కోసి పారవేసి, తోలు తీయడం వలన కొంత ప్రయోజనం ఉంటుంది. ప్రయోజనం ఆ ముక్కను తీసివేయడం వలన కలిగేదే.

ఆరోగ్యంపై ప్రభావం

స్వల్పమైన చేదు సాధారణంగా హాని చేయదు. తీవ్రమైన చేదు మాత్రం హెచ్చరికగా భావించాలి. కుకుర్బిటాసిన్‌లు అధికంగా కడుపులో చేరితే కడుపునొప్పి, వాంతులు, రక్త విరేచనాలు కలుగుతాయి. రక్తపోటు పడిపోవచ్చు. ఉడికించినా ఇవి నశించవు. ఇదే కుటుంబానికి చెందిన సొరకాయ విషయంలో ప్రాణనష్టం జరిగినది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం త్రాగి మరణించిన తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని నియమించింది. రసం తీయుటకు ముందు చిన్న ముక్క రుచి చూడాలనీ, చేదుగా ఉంటే పారవేయాలనీ, త్రాగిన తరువాత అస్వస్థత కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలనీ ఆ సంఘం సూచించింది. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

పప్పులో వేయుటకు ముందు దోసకాయ ముక్కను నోట వేసుకొని చేదు చూడటం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. కీరదోసకు, సొరకాయకు కూడా ఈ అలవాటు వర్తిస్తుంది. చేదుగా ఉన్న ముక్కను మింగక ఉమ్మివేసి, ఆ కాయను పూర్తిగా పారవేయాలి. ఉప్పు, కారం, పెరుగు కలిపి చేదును కప్పి తినుట, ముఖ్యంగా పిల్లలకు పెట్టుట ప్రమాదకరం.