కావలి హాజరు పట్టీ
(మన జిల్లా, మన చరిత్ర: 7)



పోయిన నెల నెల్లూరులో అధ్యయన తరగతి అయిపోయాక ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు. "అన్నా, మన ప్రజాస్వామ్యం మళ్లీ ఫాసిజం వైపు పోతోందా?" ప్రశ్న మంచిదే. నేను "మళ్లీ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎవరికి మళ్లీ? మన తీరంలో ఆ మాట అనే ముందు కావలి చరిత్ర తెలుసుకోవాలి.

రాజకీయం కుడివైపు జరగలేదని నేననడం లేదు. 2019 డిసెంబరులో పౌరసత్వానికి మతాన్ని కొలబద్దగా పెట్టిన సవరణ చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 31న అస్సాం ఎన్నార్సీ తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేకుండా పోయాయి. నీ తాత ఎవరో కాగితంతో నిరూపించుకో, అప్పటిదాకా నువ్వు అనుమానితుడివి, అన్నారు. దేశమంతా ఇదేదో కొత్త వింత అనుకుంది. మన ఎరుకలోళ్లకు మాత్రం అది కొత్త కాదు. ఆగస్టు 31 అనే తేదీ కూడా వాళ్లకు కొత్త కాదు. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఉప్పు సంగతి. ఇస్కపల్లి, కృష్ణపట్నం పక్క ఉప్పు మడులు మీరు చూసే ఉంటారు. రైలు రాకముందు తీరంలో పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద మెట్ట ఊళ్లకు మోసుకెళ్లి, బదులుగా ధాన్యం తెచ్చినవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. వాళ్లు దొంగలైతే ఊరు వాళ్ల చేతికి ఉప్పు మూటలు అప్పజెప్పేదా? కుంపిణీ వాడు ఉప్పు మీద గుత్తాధికారం పెట్టాడు, పన్ను పెంచాడు. తర్వాత రైలొచ్చి సరుకంతా బండ్లకెక్కింది. 1876-78 కరువు పశువుల్ని తినేసింది. బతుకుదెరువు పోయిన మనుషులు రోడ్డున పడ్డారు. ఇల్లూ పొలమూ లేకుండా తిరిగేవాడు కనపడితే సర్కారుకు భయం. ఆ భయానికి పేరు పెట్టారు: నేరస్థ తెగ.

1871లో ఉత్తరాదిన మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఈ చట్టంలో నేరం చేయడం ముఖ్యం కాదు, పుట్టడం ముఖ్యం. ఒక తెగను గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. పేర్లు రిజిస్టరులో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు చెప్పమంటారు, ఊరు దాటాలంటే చీటీ కావాలంటారు. ఆ ప్రకటన న్యాయమా కాదా అని ఏ కోర్టూ అడగకూడదని చట్టంలోనే రాసుకున్నారు. విద్యార్థులు ఈ ఒక్క నిబంధన గుర్తుపెట్టుకోండి. జనం మీద అనుమానం, దాని మీద కోర్టుకు నోరు లేకపోవడం: ఈ రెండూ కలిసిన చోట జెండా ఏ రంగుదైతే ఏంటి?

ఆ తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతికి పోయింది. మన కావలి అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి వచ్చింది, దాన్ని నడిపినాయన శామ్యూల్ బాడెన్ దొర. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప పేరు కూడా ఈ చరిత్రలోదే. చర్చి, బడి, వైద్యం ఉన్నాయి, కాదనను. వాటి చుట్టూ హాజరు పట్టీ కూడా ఉంది. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. పారిపోలేని కూలీ కంటే యజమానికి ఇంకేం కావాలి?

ఇక్కడ మన గురించి ఒక మాట చెప్పకపోతే నేను రాసింది సగం అబద్ధం అవుతుంది. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. మనకు పలకా బలపం ఇచ్చింది ఆ బాప్టిస్టు మిషనే. అదే మిషన్ కావలిలో ఎరుకలోళ్ల హాజరు తీసుకుంది. మనకు తెరిచిన తలుపు, పక్కవాడికి గడియ పెట్టింది. నేటికీ మన పేటల్లో పెద్దవాళ్లు "ఎరుకలోడొచ్చాడు, గొళ్లెం పెట్టండి" అనడం నేను విన్నాను. బాబాసాహెబ్ 1948 నాటి 'ది అన్‌టచబుల్స్' ముందుమాటలో నేరస్థ తెగల్ని, ఆదివాసుల్ని, అంటరానివాళ్లని ఒకే వరసలో నిలబెట్టి, ఇలాంటి వర్గాల్ని పుట్టించిన నాగరికత ఏం నాగరికత అని నిలదీశాడు. ఆ వరస మనకింకా అబ్బలేదు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. ఫాసిజం అనగానే అందరూ 1933 అంటారు, హిట్లర్ అంటారు. కానీ జర్మనీలో రోమా, సింటి జనాన్ని, అంటే అక్కడి సంచార జాతుల్ని, లెక్కగట్టే పోలీసు ఆఫీసు మ్యూనిక్‌లో పెట్టింది 1899లో. 1926లో, ఎన్నికలూ పార్లమెంటూ అన్నీ ఉన్న వైమార్ రిపబ్లిక్ కాలంలో, బవేరియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. పదహారేళ్లు దాటిన సంచారి తనకు స్థిరమైన పని ఉందని చూపించలేకపోతే రెండేళ్ల దాకా శ్రమ గృహంలో పెట్టొచ్చు. నాజీలు వచ్చాక జాబితాను మొదటి నుంచీ రాయాల్సిన పని పడలేదు. మ్యూనిక్ ఆఫీసును 1938లో బెర్లిన్‌కు మార్చారు. యుద్ధం అయిపోయి ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక కూడా, 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత కోర్టు 1943కు ముందు జరిగినదాన్ని జాతి హింస కాదు, నేర నివారణ అంది. లక్షల మంది చచ్చిన తర్వాత అన్న మాట అది!

మళ్లీ మన దగ్గరికి వద్దాం. మన నెల్లూరువాడే వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు యానాదుల కోసం, ఈ చట్టం రద్దు కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 1947లో మద్రాసు రాష్ట్రం చట్టాన్ని రద్దు చేసింది. 1949లో ఢిల్లీ ఒక కమిటీ వేసింది, దానికి పెద్ద మన తిరుపతి అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దు అమల్లోకి వచ్చింది. డీనోటిఫైడ్ తెగలు విముక్తి దినం చేసుకునే రోజు అదే. అస్సాంలో జాబితా బయటపెట్టిన రోజూ అదే. కావాలని పెట్టారని నేను చెప్పను. ఆ రోజేంటో ఎవరికీ గుర్తు లేదు, నాకు అది ఇంకా బాధ.

మరి రద్దయిందా? 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తన సొంత అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. కాగితం మీద తేడా ఉంది, ఒప్పుకోవాలి: ఇప్పుడు చూసేది పుట్టుక కాదు, పడిన శిక్షలు. కానీ ముప్పై ఆరేళ్లు పోలీసు కళ్లు ఎవరి మీద ఉన్నాయో, శిక్షలూ వాళ్లకే పడి ఉంటాయి కదా. పాత నేరస్థుల్ని పోలీసు భాషలో కేడీలంటారు. 'నోన్ డిప్రెడేటర్' అనే ఇంగ్లీషు మాటకు పొట్టి పేరు. మనం సినిమాలు చూసి అది తిట్టు అనుకున్నాం. అది ఒక ఫైలు పేరు. ఎరుకల, యానాది రెండూ మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగలే. ఒక ఆఫీసు హాస్టల్ సీటు ఇస్తుంది, ఇంకో ఆఫీసు ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఆ గుడిసె తలుపే తడుతుంది.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైళ్లలో కులం ప్రకారం పని పంచే నిబంధనల్ని కొట్టేసింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలు కూడా ఉన్నాయి. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. డీనోటిఫైడ్ తెగల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకు చెప్పింది. రాజ్యాంగం వచ్చిన 74 ఏళ్లకు!

అందుకే ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇది. వెనక్కి జారడం అనేది పైన నిలబడినవాళ్లకు కనపడే దృశ్యం. వాళ్లకు నిన్నటిదాకా ప్రజాస్వామ్యం ఉండేది, ఇప్పుడు కాళ్ల కింద నేల కదులుతోంది. కిందున్నవాళ్లకు ఆ యంత్రం ఎప్పుడూ ఆగలేదు, నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు కొత్తగా జరిగేది ఒకటుంది: ఆ యంత్రంలోకి ఇంకా ఎక్కువమందిని ఎక్కిస్తున్నారు, ముందు ముస్లింల్ని. అది చిన్న సంగతి కాదు. దాన్ని ఆపాలంటే సెక్యులరిజం గురించి హాల్లో మీటింగు పెడితే చాలదు. మన స్టేషన్ల పరిధిలో ఎవరెవరి మీద షీట్లు ఉన్నాయో, కేసులన్నీ కొట్టేశాక కూడా ఎన్ని నడుస్తున్నాయో సమాచార హక్కు కింద అడగాలి. కావలి నుంచి తడ దాకా ఒక్కో మండలానికి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు చాలు. పేర్లు అడగొద్దు, సంఖ్యలే అడగండి. పేర్లు బయటికొస్తే నష్టపోయేది మళ్లీ ఆ కుటుంబాలే. దరఖాస్తు నమూనా నేను తయారుచేస్తున్నాను.

వచ్చే భాగం శ్రీహరికోట గురించి. రాకెట్లు రాకముందు ఆ దీవి అడవిలో బతికిన యానాదుల కథ.