ఏరు పారని సీమలో అప్పుల చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. డి.ఎ. బకాయిల గురించి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను మన ఇళ్ళలోని బకాయిల గురించి వ్రాయదలచుకున్నాను.

అందుకు కారణం ఉన్నది. కిందటేడు ఒకటో తారీఖున బ్యాంకు ఏ.టి.ఎం. దగ్గర, నాతో పాటు పనిచేసి రిటైరైన మిత్రుడొకరు కనిపించారు. పక్కన ఇరవై ఏళ్ళ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. వాడు తన జేబులోంచి కార్డు తీశాడు. ఆయన చేత నంబరు నొక్కించాడు. వచ్చిన డబ్బు లెక్కపెట్టుకొని, కొంత ఆయన చేతిలో పెట్టి, కార్డు మళ్ళీ తన జేబులోనే వేసుకొని పోయాడు. మనుమడేమో అనుకున్నాను. కాదు, వడ్డీకిచ్చినవాని మనిషి. మిత్రుడు నన్ను చూసి తల వంచుకొని, "ఇంట్లో చెప్పొద్దప్పా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నవాణ్ణే. ఆ సంగతి చివర చెబుతాను. ముందు మన సీమ అప్పుల కథ కొంత మనవి చేస్తాను.

కంతుల కాలం, కరువు కాలం

సుమతీ శతకకారుడు ఊరికి ఉండవలసిన వాటిని లెక్కించి, అప్పిచ్చేవాణ్ణి అందరికంటె ముందు పెట్టాడు. ఆ తరువాత వైద్యుడు, ఎడతెగక పారే ఏరు. మన కర్నూలు, కడప మెట్ట గ్రామాలకు పారే ఏరు దక్కలేదు. వైద్యుడు ఆలస్యంగా వచ్చాడు. మొదటివాడు మాత్రం ఎన్నడూ లేకుండా పోలేదు.

1800లో నిజాము కడప, బళ్ళారి సీమలను కుంఫిణీ వారికి దత్తం చేశాడు. కర్నూలు నవాబును 1839లో తొలగించారు. దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. రైతు పేర పట్టా, రైతు చేతి నుంచే నగదు శిస్తు అన్న రైతువారీ పద్ధతిని స్థిరపరచినది ఆయనే. ఎద్దులకు, విత్తనాలకు సర్కారు ఇచ్చే తక్కావి అప్పులు కూడా ఆ రోజుల్లోనే విరివిగా నడిచినవి. శిస్తు హెచ్చుగా ఉన్నదని ఆయనకే తెలుసు. పోయేముందు నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేశాడు గాని, పైవారు అప్పుడు ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక కిటుకు గమనించవలెను. శిస్తు కట్టవలసిన కంతుకు తేదీ ఉన్నది. వానకు తేదీ లేదు. పంట అమ్ముడుపోకముందే కంతు గడువు వస్తుంది. ఆ నడిమి సందులో నిలబడినవాడే సావుకారి. కంతు కట్టడానికి రొక్కం ఇచ్చేవాడు, కల్లంలో కాటా వేయించుకొనేవాడు. విత్తనానికి ఒక బస్తా ఇచ్చి కల్లంలో ఒకటిన్నర కొలిపించుకొనేవాడు. చెడ్డవాడు గనుక కాదు, వాని వ్యాపారమే అది. వాడు లేకపోతే కంతు కట్టేదెట్లా?

1876లో ధాత కరువు వచ్చి 1878 వరకు మన సీమను పీడించింది. మా జేజినాయన తల్లి ఆ కరువులో బిడ్డగా ఉండి బతికి బయటపడిన మనిషి. కరువులో మొదట పోయేది గొడ్డు, తరువాత ఇంట్లో బంగారం, ఆ తరువాత భూమి, చివరకు మనిషి అని ఆమె చెప్పేదట. అప్పు కూడా అదే వరుసలో నడుస్తుంది. మొదట చేబదులు, తరువాత కుదువ, ఆ తరువాత భోగ్యం, చివరకు క్రయం.

కె.సి. కాలువ కథ కూడా ఈ వరుసలోనిదే. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వారు తమ మూలధనానికి నూటికి 5 వడ్డీ పూచీ సర్కారు చేత పెట్టించుకొని, 1863 ప్రాంతంలో తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ పని మొదలుపెట్టారు. నీటి తీరువ ఎక్కువని రైతులు ముందుకు రాలేదు. కంపెనీ గిట్టుబాటు కాక, 1882లో సర్కారే కొనవలసి వచ్చింది. కంపెనీ అప్పులో పడితే సర్కారు కొన్నది. రైతు అప్పులో పడితే సావుకారి కొన్నాడు. తేడా అంతే.

చట్టాలు వచ్చినవి

1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు సావుకార్ల ఇళ్ళ మీద పడి పత్రాలు తగులబెట్టిన తరువాత దొరలకు కళ్ళు తెరుచుకున్నవి. 1883, 1884 సంవత్సరాల్లో తక్కావికి చట్టాలు చేశారు. మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపా దేశాల పరపతి సంఘాలను చూసి రమ్మన్నది. జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన పల్లెవాళ్ళ చేత పల్లెవాళ్ళకే అప్పులిచ్చే సంఘాలు పెట్టించాడు. అటువంటి మనిషిని ఇక్కడ వెతికి పట్టుకోండి అన్నదే నికల్సన్ నివేదిక సారాంశం. దాని ఫలితమే 1904 సహకార పరపతి సంఘాల చట్టం.

మన ఇంటిదాకా వచ్చిన చట్టం మాత్రం రాజాజీ మంత్రివర్గం చేసిన 1938 మద్రాసు రైతు ఋణ విమోచన చట్టం. నేను గుమాస్తాను గనుక లెక్కతో చెబుతాను. మా జేజినాయన 1930లో ఎద్దుల కోసం 300 రూపాయలు తెచ్చాడు. ఏడేళ్ళలో రొక్కంగాను, బుడ్డలుగాను 400 రూపాయల వడ్డీ కట్టాడు. (కర్నూలువారు బుడ్డలంటారు, కడపవారు శెనక్కాయలంటారు. ఋణం మాత్రం రెండు చోట్లా ఒకటే.) ప్రోనోటు మూడేళ్ళకు మురిగిపోతుంది గనుక తిరగవ్రాస్తూ, మిగిలిన వడ్డీని అసలులో కలుపుతూ, 1936 నాటికి నోటు 460 రూపాయలకు చేరింది.

చట్టం ఏమన్నదంటే, 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ అంతా రద్దు. నోటు ఎన్నిసార్లు తిరగవ్రాసినా మొదట చేతికిచ్చిన సొమ్మే అసలు. అసలుకు రెండింతలు ఇప్పటికే కట్టి ఉంటే బాకీ చెల్లినట్లే. కట్టకుంటే, రెండింతలకు తక్కువైనంత గాని, మిగిలిన అసలు గాని, ఏది తక్కువైతే అది కట్టవలెను. జేజినాయన లెక్కలో రెండింతలు 600. కట్టినది 400. కనుక ఇవ్వవలసినది 200. కర్నూలు వకీలుగారు కాగితం మీద వ్రాసి ఇచ్చారు. 460కి బదులు 200 కట్టి జేజినాయన నోటు చింపించుకున్నాడు. అయిదెకరాల చేను నిలిచింది.

మరుసటి కరువుకు జేజినాయన జొన్నల కోసం అదే సావుకారి అరుగు మీదికి పోయాడు. ఆయన కోపపడలేదట. "నీకు చట్టం ఇస్తుంది, పోప్పా" అన్నాడట. ఆ ఏడు ఎద్దులు అమ్ముకున్నారు. చట్టం చేను కాపాడింది అని జేజినాయన చెప్పేవాడు. చట్టం ఎద్దుల్ని తినింది అని మా జేజి చెప్పేది. ఇద్దరు చెప్పినదీ నిజమే. పాత బాకీని కొట్టివేయడం ఒక చట్టంతో అవుతుంది. రేపటి గింజలకు అప్పు ఎవరిస్తారన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1951-52లో దేశమంతటా గ్రామీణ పరపతి సర్వే చేస్తే, రైతు తెచ్చే ప్రతి 100 రూపాయల్లో సహకార సంఘాలు ఇచ్చినది 3, సర్కారు ఇచ్చినది 3, వడ్డీ వ్యాపారులు ఇచ్చినది 70 దాకా అని తేలింది.

ఉద్యోగి అప్పు

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు, మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు గుడారాల్లో కాపురాలు పెట్టారని పెద్దలు చెప్పగా విన్నాను. అప్పటి నుంచి మన ఊళ్ళలో మరొక తరహా ఋణగ్రస్తుడు తయారైనాడు. వానికి వానతో పని లేదు, ఒకటో తారీఖుతో పని. పండుగ అడ్వాన్సు, జి.పి.ఎఫ్. లోను, ఉద్యోగుల సంఘం లోను, చీటీ పాట, కిరాణా కొట్టు ఖాతా, ఇవన్నీ పోగా చేతికి వచ్చేది జీతం.

1965-66 కరువులో మా నాయన మూడెకరాలు భోగ్యానికి పెట్టాడు, అమ్మ గాజులు కుదువ పెట్టాడు. నేను 1973లో తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరాను. భోగ్యం విడిపించేటప్పటికి 1981 అయింది. గాజులు విడిపించలేకపోయాము. అమ్మ ఎన్నడూ అడగలేదు.

కచేరీలో నేను చూసిన సీటు వసూళ్ళది. డి.సి.బి. రిజిష్టరు మీలో చాలామంది ఎరుగుదురు. డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు. తక్కావి బాకీదారుల పేర్లు ఏటేటా ఎత్తి వ్రాసేవాణ్ణి. ఈలోగా 1969లో 14 బ్యాంకులు జాతీయమైనవి. 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు వెలిసింది. (అది 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులోను, 2025 మే 1న రాష్ట్రమంతటికీ ఒకటైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోను కలిసిపోయింది.) వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1990లో పదివేల రూపాయల దాకా, 2008లో మరొకసారి, కేంద్రం రైతుల బాకీలు మాఫీ చేసింది. మాఫీ కొందరిని బతికించింది. పస్తులుండి సకాలంలో కట్టినవాడు మాత్రం నేనేం పాపం చేశానని అడిగినప్పుడు నా రిజిష్టరులో జవాబు లేదు.

ఉద్యోగికి మరొక చిక్కు ఉన్నది. 1964 ప్రవర్తనా నియమావళిలో ఉద్యోగి అలవాటుగా అప్పులపాలు కారాదని ఒక నియమం ఉన్నది. నియమం మంచిదే. దానివల్ల మనకు పట్టుబడిన అలవాటు మాత్రం దాచడం. రైతు అప్పు ఊరందరికీ తెలుసు. గుమాస్తా అప్పు భార్యకు కూడా తెలియదు.

నా సంగతి

2009లో నేను రిటైరైనాను. పెన్షనులో నూటికి 40 వంతు కమ్యూట్ చేసి, వచ్చిన సొమ్ము మా అబ్బాయి వ్యాపారానికి ఇచ్చాను. అది నిలబడలేదు. వానికి తెలియకుండా, ఇంట్లో తెలియకుండా, నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాను. అంటే ఏడాదికి నూటికి 60. నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలు కట్టాను. లక్ష కట్టాను, లక్ష అట్లాగే ఉన్నది. 1938 చట్టం లెక్క తెలిసిన మనవడు చేసిన పని ఇది.

మా చెల్లెలు పల్లెలో పొదుపు సంఘంలో సభ్యురాలు. రోజుకు రూపాయి దాచుకోవడంతో మొదలైన సంఘాలివి. 1995లో ఐక్యరాజ్యసమితి వారి పథకం కర్నూలు జిల్లాకు వచ్చిన తరువాత ఓర్వకల్లు ఆడవాళ్ళ పొదుపులక్ష్మి సంఘాలు దేశమంతా చూసి పోయేంత పేరు తెచ్చుకున్నవి. నా ముఖం చూసి చెల్లెలు కూపీ లాగింది. నేను చెప్పక తప్పలేదు. "వదినకు చెప్పొద్దమ్మా" అన్నాను. అప్పుడు ఆమె అన్న మాట ఇది. "మా సంఘంలో అప్పు ఎందుకో పదిమంది ముందర చెప్తేనే ఇస్తారన్నా. కట్టలేకపోతే అదీ పదిమంది ముందరే చెప్తాం. నువ్వు చదువుకున్నోడివి, ఒక్క మనిషికి చెప్పలేవా?"

నాకు అప్పుడు రైఫైజెన్ అర్థమైనాడు. తక్కువ వడ్డీ ఒక్కటే కాదు, అప్పు నలుగురి నోట్లో ఉండడం సంఘం బలం. సావుకారికి బలం మన మౌనం.

ఆ రాత్రి నా భార్యకు చెప్పాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన గొలుసు తీసి ఇచ్చింది. బ్యాంకులో దాదాపు రూపాయి వడ్డీకి కుదువ పెట్టి బయటి బాకీ ఒక్కసారిగా తీర్చాము. గొలుసు విడిపించడానికి మూడేళ్ళు పట్టింది. కమ్యూట్ చేసిన పెన్షను పదిహేనేళ్ళకు 2024లో తిరిగి వచ్చింది. మొదటి నెల హెచ్చు మొత్తం ఆమె చేతిలోనే పెట్టాను.

మనవి

సోదరులకు రెండు మాటలు. ఒకటి, 1871 పెన్షన్ల చట్టం ప్రకారం అప్పులవాడు ప్రభుత్వ పెన్షనును జప్తు చేయించలేడు. రాబోయే పెన్షనును ఎవరికైనా వ్రాసి ఇచ్చినా ఆ కాగితం చెల్లదు. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాము. అంత హక్కును ప్లాస్టిక్ కార్డు రూపంలో పరాయివాని జేబులో పెట్టవద్దు. పెట్టినవారు బ్యాంకుకు పోయి ఆ కార్డు ఆపించి కొత్తది తీసుకోవచ్చును.

రెండు, ఇంటికి ఒక డి.సి.బి. వ్రాయండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎంత కట్టాము, ఎంత మిగిలింది. వడ్డీ వేరుగా, అసలు వేరుగా. వ్రాసి ఇంట్లో అందరికీ కనిపించేచోట పెట్టండి.

ఆ మిత్రునికి నా కథంతా చెప్పాను. నెల తరువాత తానే వచ్చి నన్ను బ్యాంకుకు పిలుచుకొని పోయాడు. కొత్త కార్డు ఇప్పుడు ఆయన భార్య దగ్గర ఉన్నది. బాకీ ఇంకా తీరలేదు. సావుకారి మనిషి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. అయితే ఇప్పుడు వానితో మాట్లాడడానికి ఇంట్లో ముగ్గురున్నారు.