టౌరంగా తీరపు భూగర్భ వస్తువులు, స్పానిష్ డాలర్లు

టౌరంగా న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, బే ఆఫ్ ప్లెంటీ ఒడ్డున ఉన్న రేవు పట్టణం. న్గాయ్ తే రంగి, న్గాతి రంగినుయి, న్గాతి పూకెంగా తెగల మావోరీలకు ఇది తాతముత్తాతల నేల. వారి పూర్వికులకు నాణెం తెలియదు, లోహం తెలియదు. రాయి, ఎముక, గవ్వ, కర్రలతోనే బతుకంతా నడిపారు. 1769లో కెప్టెన్ కుక్ నౌక ఈ తీరం వెంట సాగిపోయాక, తరవాతి తరాల్లో వచ్చిన వర్తకులూ మిషనరీలూ ఇనుమునూ తుపాకులనూ వెండి నాణేలనూ ఇక్కడికి చేర్చారు. అందువల్ల ఈ నేలలో ఏ వస్తువు దొరికినా ముందు అడగవలసింది అది ఏ పొరలో ఉందని. దాని ధర సంగతి ఆ తర్వాత.

పొరల లెక్కకు ఇక్కడ ప్రకృతే ఒక గుర్తు పెట్టింది. సుమారు 1314లో తరవేరా అగ్నిపర్వతం బద్దలై, కహరోవా బూడిదగా పేరుపడ్డ లేత రంగు బూడిద ఉత్తర దీవి తూర్పు, ఉత్తర భాగాల్లో పరుచుకుంది. ఆ పొర కింద మనుషుల వస్తువులు దాదాపు కనిపించవు. పైన మాత్రం కాల్చిన అడవుల బొగ్గు, గుల్లల కుప్పలు, చిలగడదుంపలు నిలవ చేసిన గోతులు వరసగా బయటపడతాయి. న్యూజిలాండ్‌లో మనుషులు ఎప్పుడు స్థిరపడ్డారన్న చర్చలో ఈ బూడిద ఇచ్చిన సాక్ష్యం చాలా విలువైనది.

టౌరంగాకు ఉత్తరాన సముద్రంలో ఉన్న తూహువా దీవి అబ్సిడియన్‌కు, అంటే అగ్నిపర్వతం నుంచి వచ్చే గాజురాయికి, పేరుపడింది. పలచని పెచ్చును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎక్స్-రే పరీక్షతో దాని రసాయన కూర్పును గుర్తించవచ్చు. దేశం నలుమూలలా, సముద్రం దాటి కెర్మడెక్ దీవుల్లో సైతం ఈ రాయి దొరికింది. ఏ ముద్రా లేని గాజుపెచ్చు ఇంత స్పష్టంగా తన ఊరు చెప్పడం ఆశ్చర్యమే.

ఈ ప్రాంతపు తవ్వకాల్లో మనసును బాగా పట్టేది టౌరంగా రేవు ఉత్తర కొసన, కౌరి పాయింట్ కోట దిగువన ఉన్న చిత్తడి నేల. 1960లలో విల్‌ఫ్రెడ్ షాక్రాస్ అక్కడ తవ్వినప్పుడు వందకు పైగా కర్ర దువ్వెనలు, వాటితోపాటు వేల అబ్సిడియన్ పెచ్చులు బయటపడ్డాయి. మావోరీ ఆచారంలో తల పవిత్రమైనది. తలను తాకిన దువ్వెనను ఎక్కడపడితే అక్కడ పారేయకూడదు. అందుకే వాటిని ఈ తడినేలలో భద్రపరిచి ఉంటారని, పెచ్చులతో జుట్టు కత్తిరించి ఉంటారని పండితుల ఊహ. గాలి తగలని తడిమట్టి కర్రను కుళ్ళనివ్వలేదు. అడుగు పొరల్లోని దువ్వెనల పైఅంచు చదునుగా ఉండగా, పై పొరలకు వచ్చేసరికి గుండ్రంగా మారింది. ఎవరైనా వాటిని పైపైన పెకలించి సంచిలో వేసుకుని పోయుంటే ఈ మార్పు ఎన్నటికీ తెలిసేది కాదు.

ఈ తీరానికి వర్తకులు తెచ్చిన నాణేల సంగతి వేరు. స్పానిష్ డాలర్, అంటే ఎనిమిది రియాళ్ళ వెండి నాణెం, సుమారు 27 గ్రాముల బరువు ఉంటుంది. మెక్సికో, లిమా, పొటోసి టంకశాలల్లో అచ్చయి ప్రపంచమంతా చెలామణి అయింది. మెక్సికో నాణెంపై ఎం అక్షరం మీద చిన్న సున్నా, పక్కన వెండి నాణ్యత పరీక్షించిన అధికారి పేరు తొలి అక్షరాలు ఉంటాయి. 1732 నుంచి యంత్రంతో అచ్చు వేసిన నాణేలపై రెండు స్తంభాలు, 1772 నుంచి రాజు ముఖం కనిపిస్తాయి. చైనా వర్తకులు పరీక్షించి కొట్టిన చిన్న ముద్రలు ఉంటే అది ఏ రేవులు దాటిందో కొంత తెలుస్తుంది.

ఈ నాణెం ప్రయాణంలో మన తీరానికీ పాత్ర ఉంది. 1807 తర్వాత మద్రాసు టంకశాలలో స్పానిష్ డాలర్ల మీదే కొత్త అచ్చు కొట్టి అర పగోడా నాణేలు చేశారు. ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. కొన్నిటిలో పాత స్పెయిన్ అచ్చు ఆనవాళ్ళు లీలగా మిగిలే ఉన్నాయి. 1812 నవంబరులో సమరాంగ్ అనే నౌక మద్రాసు నుంచి 40,000 స్పానిష్ డాలర్లు సిడ్నీకి చేర్చింది. అవి ఆ బ్రిటిష్ వలస రాజ్యం దాటి పోకుండా అక్కడి గవర్నర్ మెక్వారీ వాటి నడుమ రంధ్రం కొట్టించాడు. చుట్టు 5 షిల్లింగులు, నడిమి బిళ్ళ 15 పెన్నీలు. సిడ్నీ వర్తకులు నారకోసం న్యూజిలాండ్ రేవులకు వచ్చేవారు. 1840కి ముందు అక్కడ వాడిన నానా దేశాల నాణేల్లో స్పానిష్ డాలర్ ఒకటి. అయితే నాణెంపై ఉన్న సంవత్సరం అంతకు ముందు అది అక్కడికి రాలేదని మాత్రమే చెబుతుంది. 1780 నాటి డాలర్ 1835లో జేబులోంచి జారిపోయి ఉండవచ్చు. దానితో స్పెయిన్ నావికులు వచ్చారని తేల్చడం తొందరపాటు.

ఈ తొందరపాటుకు హెచ్చరికలు న్యూజిలాండ్‌లో ఉన్నాయి. 1836 ప్రాంతంలో మిషనరీ విలియం కొలెన్సో వాంగరేయి దగ్గర మావోరీలు దుంపలు ఉడికించుకునే ఒక కంచు పాత్రను చూశాడు. అది తమిళ అక్షరాలున్న ఓడగంట, మొహిదీన్ బక్ష్ పేరు దానిపై ఉంది. వెల్లింగ్టన్ రేవులో దొరికిన స్పానిష్ శిరస్త్రాణం మరొకటి. రెండూ నిజమైన వస్తువులే. ఏ పొరలో, వేటి పక్కన ఉండేవో నమోదు కాలేదు కాబట్టి ఎప్పుడు, ఎలా వచ్చాయో తేలలేదు.

దొరికిన వెండి నాణేన్ని తోమి మెరిపించడం కూడా నష్టమే. నల్లని పొరతోపాటు అక్షరాలూ పోతాయి. ఉప్పునీటిలో ఉన్న లోహాన్ని మంచినీటిలో ఉంచి నెమ్మదిగా లవణాలు తీయడం నిపుణుల పని.

న్యూజిలాండ్ 2014 వారసత్వ చట్టం ప్రకారం 1900కు ముందటి మానవ జీవన ఆనవాళ్ళున్న స్థలాన్ని అనుమతి లేకుండా కదపకూడదు. అక్కడి 1975 చట్టం ప్రకారం 50 ఏళ్ళు దాటిన మావోరీ సాంస్కృతిక వస్తువు దొరికితే 28 రోజుల్లో ప్రభుత్వానికి లేదా మ్యూజియానికి తెలపాలి. తొలుత అది ప్రభుత్వ ఆధీనంలో ఉంటుంది, ఏ తెగకు చెందుతుందో మావోరీ భూ న్యాయస్థానం నిర్ణయించవచ్చు. మన దేశంలో అమల్లో ఉన్న 1878 నిధుల చట్టం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలపమంటుంది. యజమాని లేని నిధిలో వేరే ఒప్పందం లేకుంటే దొరికినవాడికి మూడొంతులు, నేల యజమానికి ఒక వంతు. ఇక్కడి చట్టం విలువను పంచుతుంది. అక్కడి చట్టం ఆ వస్తువు ఎవరి పూర్వికులదో ముందు తేల్చమంటుంది.