వీధిబడి ఇసుక నుంచి అభ్యాస నిచ్చెన దాకా: తెలుగునాట బాలల స్వయంశిక్షణ, కాలనియమం

ప్రాథమిక పాఠశాల విద్యార్థికి సమయపాలన నేర్పడం, తనంతట తాను చదువుకొనే అలవాటు చేయడం ఆధునిక విద్యామనస్తత్వశాస్త్రం ముందుకు తెచ్చిన అంశాలని భావించడం పరిపాటి. తెలుగునాట ఈ రెండింటికీ రెండు శతాబ్దాల నాటి లిఖిత సాక్ష్యం ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై విచారణకు ఆదేశించాడు. దానికి సమాధానంగా బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో రెవెన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. కాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు. భాష తెలిసిన పరిశీలకుడు. వీధిబడిలో బాలుని కాలాన్ని ఎవరు నడిపారు, అతని చదువు ఎంతవరకు అతని చేతిలో ఉంది అనే ప్రశ్నలతో ఆ నివేదికను చదివి, తరువాతి పరిణామాలతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధిబడి కాలనియమం

కాంబెల్ లెక్క ప్రకారం ఆ జిల్లాలో బడులు 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. విద్యార్థులు 6,641 మంది. అంటే బడికి సగటున పన్నెండు మంది. బాలికలు 60 మంది మాత్రమే. తొమ్మిది లక్షలకు మించిన జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురే బడికి పోయారన్నది ఈ అంకెల సారాంశం. కాబట్టి వీధిబడిని స్వర్ణయుగంగా కీర్తించడానికి ఈ నివేదికలో ఆధారం లేదు.

బడి ఉదయం ఆరు గంటలకు మొదలయ్యేది. ముందుగా వచ్చిన బాలుని అరచేతిలో గౌరవచిహ్నంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవానికి సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. ఇక్కడ గమనించవలసిన విషయం, ఈ కొలత గడియారానిది కాదు. ఆలస్యం అనేది నిర్ణీత వేళను బట్టి కాక తోటివారి రాకను బట్టి తేలుతుంది. అందరూ వేళకు వచ్చినా ఎవరో ఒకరు చివరివారు కాక తప్పదు. కనుక ఇది సమయపాలన నేర్పిన పద్ధతి అనడం కంటే భయంతో పోటీ పెట్టిన పద్ధతి అనడం సమంజసం.

బడి లోపల వ్యవస్థ ఇందుకు భిన్నం. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. పై తరగతికి పోవడం వయస్సును బట్టి, సంవత్సరాన్ని బట్టి కాదు. శక్తిని, ప్రగతిని బట్టి. కింది తరగతులను కొంతవరకు పెద్ద విద్యార్థులు చూసుకొనేవారు. పంతులు పై తరగతులకు స్వయంగా చెబుతూ బడి అంతటిపై కన్నువేసి ఉంచేవాడు. నేర్పేవాడు నేర్పుతూనే తన చదువును గట్టిపరచుకొంటాడన్నది కాంబెల్ గుర్తించిన ప్రయోజనం. బెత్తం గడప దగ్గర కాలాన్ని శాసించినా, చదువు వేగం మాత్రం బాలునిదే.

దిద్దడం, ఒప్పజెప్పడం

బాలుడు అక్షరాలను ఇసుకలో వేలితో రాసి నేర్చుకొనేవాడు. చేయి కుదిరిన తరువాతనే తాటాకు, ఘంటం, లేదా కాగితం, కలం, పలక, కడితం. అక్షరాలు 'దిద్దడం' అనే మాట ఈ సందర్భంలో ఆలోచింపదగినది. ఉన్న రూపంపై మళ్ళీ రాయడమూ దిద్దడమే, తప్పును సరిచేయడమూ దిద్దడమే. ఇసుకలో తప్పు నిలవదు. చేత్తో చెరిపి మళ్ళీ రాయవచ్చు. తప్పు చేసినవాడే దిద్దుకొనే వీలు సాధనంలోనే ఇమిడి ఉంది. ఎగ్మూరు సైనిక అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతను, తోటి విద్యార్థుల బోధనను అమలుచేసి, 1797లో లండనులో ఆ అనుభవాన్ని ప్రచురించాడు. అది 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండులో వ్యాపించింది.

రాతలో కనిపించిన ఈ స్వాతంత్ర్యం పఠనంలో లేదు. వీధిబడి చదువుకు వల్లెవేయడం, ఒప్పజెప్పడం రెండు కాళ్ళు. పిల్లలు కంఠస్థం చేసిన పద్యకృతుల భాష వారు మాట్లాడే భాష కాదు. అర్థం తెలియకుండా వల్లించడమే మిగిలిందని, చాలాచోట్ల పంతులుకూ అర్థం తెలియదని కాంబెల్ విమర్శ. అర్థం కాని పాఠాన్ని బాలుడు తనంతట తాను ముందుకు చదవలేడు. ఎంత కాలం వెచ్చించినా మరొకరి నోటిపై ఆధారపడవలసిందే. స్వయంశిక్షణకు క్రమశిక్షణ చాలదు, అందే భాష కావాలని ఇక్కడ తేలుతున్నది. 1906లో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ లేవనెత్తిన సందేహాలు గిడుగు వెంకట రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించడం ఈ దృష్టితో చూస్తే యాదృచ్ఛికం కాదు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు తయారుచేసిన గిడుగుకు, భాషావివాదం మొదట పసివాని చదువు వివాదం.

గంట, తరగతి, నిచ్చెన

ఆధునిక పాఠశాల బెత్తంతో పాటు గంటను, కాలక్రమ పట్టికను, ఏటికొక తరగతిని తెచ్చింది. వేళ అందరికీ ఒకటే కావడం న్యాయమే. అయితే వేగం కూడా అందరికీ ఒకటే అయింది. పాఠం దాటిపోయిన తరువాత అర్థమైన బాలుడు వెనుకబడినవానిగా లెక్కకు వచ్చాడు. పంట పనులకు నెల రోజులు దూరమైన పల్లె పిల్లవాడు తిరిగి వచ్చేసరికి తరగతి అతన్ని వదిలి పోయి ఉంటుంది.

ఈ చిక్కుకు తెలుగు నేలమీదనే ఒక సమాధానం రూపొందింది. నాటి చిత్తూరు జిల్లా మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం 1980ల చివరి నుంచి చుట్టుపక్కల ఏకోపాధ్యాయ బడులలో 'అభ్యాస నిచ్చెన'ను అమలుచేసింది. పాఠ్యాంశాన్ని చిన్న మెట్లుగా విడదీసి, ప్రతి మెట్టుకు బొమ్మ గుర్తుగల కార్డులు తయారుచేశారు. చదవడం రాని పిల్లవాడు కూడా గుర్తు చూసి తన కార్డు తానే తీసుకొంటాడు. పంతులు పూర్తిగా తోడుండే జట్టు, కొంతవరకు తోడుండే జట్టు, తోటివారి సాయంతో చదివే జట్టు, ఒంటరిగా చదివే జట్టు అని పని విభజన. బడికి దూరమైన పిల్లవాడు తిరిగి వచ్చి ఆగిన మెట్టు నుంచే సాగుతాడు. కర్ణాటకలో నలి-కలి, తమిళనాట కృత్య ఆధారిత బోధన ఈ ప్రయోగం నుంచి ప్రేరణ పొందినవే.

వీధిబడి నాలుగు తరగతులకూ ఈ నాలుగు జట్లకూ పోలిక స్పష్టం. వారసత్వం ఉన్నదని చెప్పడానికి ఆధారం చాలదు. ఒకే పంతులు, పలు స్థాయుల పిల్లలు అనే సమానస్థితి సమాన ఫలితాన్ని ఇచ్చిందనడం సముచితం. తేడా మౌలికమైనది: బెత్తం పోయింది, భాష అందింది, కులం పేరుతో, ఆడపిల్లన్న పేరుతో మూసిన తలుపు చట్టప్రకారం తెరుచుకొన్నది.

నేడు సమయపాలన పేరుతో పసిపిల్లలకు గంటల పట్టికలు రాసి ఇవ్వడం ఇంటా బడిలోనూ పెరుగుతున్నది. పట్టిక రాసినవారు పెద్దలైతే ఆ కాలం పెద్దలదే. ఇప్పుడు ఎక్కడ ఉన్నాను, తరువాతి మెట్టు ఏది, తప్పును ఎలా దిద్దుకోవాలి అన్న మూడింటికి బాలునికి తన భాషలో సమాధానం దొరికినప్పుడే కాలం అతని చేతికి వస్తుంది. వీధిబడి వీటిలో కొంత ఇచ్చింది, కొంత ఇవ్వలేదు. ఆ లోటు దగ్గర నుంచే మన ప్రాథమిక విద్యాచరిత్రను తిరిగి చదవవలసి ఉంది.