వాక్-భాషా చికిత్స డిగ్రీలు: తనిఖీ నిపుణుల ఎంపిక చరిత్ర

మాట, వినికిడి లోపాలకు చికిత్స చేసేవారిని తయారుచేసే డిగ్రీ కోర్సుకు గుర్తింపు ఇచ్చే ముందు, అదే రంగానికి చెందిన బయటి నిపుణులను కళాశాలకు పంపి పరిశీలింపజేయడం భారతదేశంలో చట్టపరంగా స్థిరపడిన పద్ధతి. ఇది 1990లలో రూపుదిద్దుకుంది.

ఈ చదువు అంతకు పాతికేళ్ల ముందే మొదలైంది. 1966లో బొంబాయి నాయర్ ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ కోర్సు ప్రారంభమైంది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడిందీ, ఈ వృత్తిలోని వారు ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్‌గా సంఘటితమైందీ ఆ రోజుల్లోనే. దేశమంతటికీ ఒకే ప్రమాణం గానీ, దాన్ని అమలుచేసే సంస్థ గానీ అప్పటికి లేవు. అనుబంధ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే కోర్సు నడిచేది.

1986లో భారత పునరావాస మండలి, వాడుకలో ఆర్‌సీఐ, ఒక సొసైటీగా ఏర్పడింది. అయితే నాసిరకం కోర్సును ఆపే అధికారం సొసైటీకి ఎక్కడిది? అందుకే 1992లో పార్లమెంటు చట్టం చేసింది. 1993 జూన్ 22 నుంచి ఆర్‌సీఐ చట్టబద్ధ సంస్థ అయింది. గుర్తింపు పొందిన అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దీంతో తనిఖీకి వచ్చినవారి నివేదిక విద్యార్థుల బతుకుదెరువుతో ముడిపడింది.

చట్టంలోని 15వ సెక్షన్ ఇన్‌స్పెక్టర్లకు సంబంధించినది. ఎందరు అవసరమో మండలే నిర్ణయించుకుని నియమిస్తుంది. వారు బోధనలో, పరీక్షల నిర్వహణలో జోక్యం చేసుకోకూడదు. సిబ్బంది, పరికరాలు, వసతి, శిక్షణ ఎలా ఉన్నాయో చూసి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక నకలు సంబంధిత కళాశాలకూ అందుతుంది. 16వ సెక్షన్ విజిటర్లనే మరో వర్గాన్ని ఏర్పరిచింది. ఒక తనిఖీకి ఇన్‌స్పెక్టరుగా వెళ్లిన వ్యక్తిని అదే తనిఖీకి విజిటరుగా వేయకూడదు. విజిటర్ నివేదిక మండలి అధ్యక్షులకు చేరుతుంది, మామూలుగా గోప్యంగానే ఉంటుంది. ఒకరి నివేదిక కళాశాలకు తెలిసేలా, మరొకరిది గోప్యంగా ఉండే ఈ ఏర్పాటు చాలా ముందుచూపుతో చేసినది.

అసలు చిక్కు మనుషుల దగ్గరే వచ్చింది. కళాశాలలు తక్కువగా, వాటిలో చదివి అధ్యాపకులైనవారు మరీ తక్కువగా ఉన్న రంగమిది. తనిఖీకి వెళ్లిన ఆచార్యుడికి ఎదురుగా ఆయన శిష్యుడే విభాగాధిపతిగా కూర్చుని ఉండటానికి అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో 2001 నాటి ఆరోగ్య వృత్తుల ఉత్తర్వు, సంస్థతో గట్టి సంబంధం ఉన్నవారిని అక్కడికి విజిటరుగా పంపకూడదని నియమం పెట్టింది. ఇంత చిన్న వృత్తికి అలాంటి కట్టుబాటు మరింత అవసరం.

తర్వాత పీజీ స్థాయిలో ఆడియాలజీ, స్పీచ్-లాంగ్వేజ్ పాథాలజీ విడిపోయాయి. డిగ్రీలో మాత్రం, అంటే బీఏఎస్‌ఎల్‌పీలో, రెండూ కలిసే ఉన్నాయి. వినికిడిని కొలిచే ఆడియోమీటరు కాలిబ్రేషన్ సరిగా ఉందో లేదో పసిగట్టే కన్ను ఒకటి, భాషా లోపాన్ని గుర్తించే చెవి మరొకటి. బృందంలో రెండు రకాల నిపుణులూ లేకపోతే సగం కోర్సును పరిశీలించనట్టే.

సికింద్రాబాద్‌లో ఈ రంగానికే చెందిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అలాంటి తెలుగు ప్రాంతపు క్లినిక్‌ను పరిశీలించేటప్పుడు భాష సమస్యా ఎదురవుతుంది. బొమ్మ చూపి అడిగితే పిల్లవాడు ‘నాన్న వచ్చింది’ అన్నాడనుకోండి. విద్యార్థిని దాన్ని లోపంగా రాసుకుంటుంది, అది సరే. ‘నాన్న వచ్చిండు’ అన్న పిల్లవాడి మాటనూ లోపంగా రాసుకుంటే అది శిక్షణలోని తప్పు, ఎందుకంటే అది తెలంగాణలో ఇంటింటా వినిపించే మాట. ఈ తేడా తెలుగు రాని నిపుణుడికి కేసు షీటు చూసినా తెలియదు. అందువల్ల క్లినికల్ శిక్షణను అంచనా వేసే బృందంలో కనీసం ఒకరికి స్థానిక భాష, దాని మాండలికాలు తెలిసి ఉండాలి.