సినిమా డిస్కులోని శబ్దం: తీయడం, మార్చడం

క్యాసెట్టులోనూ ఆడియో సీడీలోనూ దొరకని సంగీతం సినిమాలో చాలా ఉంటుంది. నేపథ్య సంగీతం, అర నిమిషం బిట్ పాటలు, ఆల్బంలోకి ఎక్కని చరణాలు ఇంట్లో వినాలంటే చాలా సినిమాలకు వీడియో డిస్కే దిక్కు. అందుకే డిస్కు నుంచి శబ్దాన్ని విడదీయడం నా దృష్టిలో కాలక్షేపం కాదు, సంగీతాన్ని భద్రపరిచే పని.

లేజర్‌తో చదివే వీడియో డిస్కు 1978 డిసెంబరులో అమెరికాలోని అట్లాంటాలో అమ్మకానికి వచ్చింది. ఫిలిప్స్, ఎంసీఏ కలిసి తెచ్చిన ఆ లేజర్‌డిస్క్‌లో బొమ్మా శబ్దమూ రెండూ అనలాగే. శబ్దం కావాలంటే ప్లేయరు వెనక వైరు తగిలించి టేపు మీద రికార్డు చేసుకోవాలి. వైరులో పుట్టే రొద, టేపు బుస కూడా పాటతో పాటే వచ్చేవి. 1980ల మధ్యలో దానికి సీడీతో సమానమైన డిజిటల్ ట్రాక్ తోడైంది: సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు. ఆ 44,100 వీడియో నుంచి వచ్చిన అంకే. మొదట్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపు మీద దాచేవారు. గీతకు మూడు శాంపిళ్లు, ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. గుణిస్తే సరిగ్గా అంతే వస్తుంది.

1993లో వచ్చిన వీడియో సీడీ మన ఊళ్లలో వీధివీధికీ చేరింది. ఒక్కో డిస్కులో పట్టేది 74 నిమిషాలే కాబట్టి తెలుగు సినిమాకు రెండో మూడో డిస్కులు కావాల్సి వచ్చేది. శబ్దం సెకనుకు 224 కిలోబిట్ల ఎంపెగ్ లేయర్-2 పద్ధతిలో పిండినది. డిస్కులోని .DAT వీడియో ఫైలును కంప్యూటర్లోకి కాపీ చేసుకుంటే చాలు, శబ్దం చేతికొచ్చేది. కానీ చాలామంది దాన్ని వెంటనే ఎంపీ3గా మార్చేశారు. ఒకసారి పిండిన శబ్దాన్ని మళ్లీ పిండితే తాళాల ధ్వని చెదిరిపోతుంది, వీణ తీగ మోత చివర తెగిపోతుంది. ఆ రోజుల నుంచి చేతులు మారుతూ వచ్చిన పాటలు అలా వినిపించడానికి ఇదొక కారణం.

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లో మొదలైంది. ఇందులో శబ్దానికి సెకనుకు 48,000 శాంపిళ్లు సాధారణం. డాల్బీ డిజిటల్ అయితే 448 కిలోబిట్ల దాకా, పిండని పీసీఎం అయితే 24 బిట్లు, 96,000 శాంపిళ్ల దాకా పోవచ్చు. అయితే ఈసారి డిస్కుకు తాళం వేశారు: సీఎస్ఎస్ అనే 40 బిట్ల సంకేత రక్షణ. 1999లో దాన్ని విప్పే డీసీఎస్ఎస్ ప్రోగ్రాం బయటికి రావడంతో నార్వే కుర్రాడు జాన్ లెక్ యోహాన్సెన్ మీద కేసు నడిచింది. 2003లో కోర్టులు అతన్ని నిర్దోషిగా తేల్చాయి.

తాళం తీశాక అసలు చిక్కులు మొదలయ్యాయి. డాల్బీ ట్రాక్‌ను విప్పే డీకోడరు డిస్కులోని సూచనల ప్రకారం శబ్దం స్థాయి తగ్గిస్తుంది, హెచ్చుతగ్గులను కుదిస్తుంది. తెలియకపోతే ఆ కుదింపుతోనే ఫైలు తయారవుతుంది. ఆరు చానళ్లను రెండుగా కలిపేటప్పుడు గాత్రం వెనక్కి పోవచ్చు. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది ప్యాల్ అనే టీవీ పద్ధతిలో తయారైన డిస్కుల సంగతి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను 25 ఫ్రేములకు నడిపిస్తే పాట 4 శాతం వేగం పుంజుకుంటుంది. సరిదిద్దకుండా వదిలేస్తే శ్రుతి ముప్పాతిక స్వరస్థానం దాకా పైకి పోతుంది. గాయకుడి గొంతు అతనిది కాకుండా పోతుంది. తీసిన ఫైలును హార్మోనియంతో పోల్చి చూడకుండా దాచుకోవడం తగదు.

2000లో వచ్చిన డీవీడీ-ఆడియో నిలవలేదు. కానీ అందులో వాడిన నష్టం లేని ఎంఎల్పీ పద్ధతే 2006లో బ్లూరేలోకి డాల్బీ ట్రూహెచ్‌డీ రూపంలో చేరింది. ఈలోగా 2001లో ఫ్లాక్ వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ ఫార్మాట్ ఒక్క బిట్టు కూడా పోకుండా శబ్దాన్ని సగానికి అటూఇటూగా కుదిస్తుంది. బ్లూరేలోని నష్టం లేని ట్రాక్‌కు అదే సరైన గూడు. డాల్బీ డిజిటల్‌ను ఫ్లాక్‌గా మారిస్తే మాత్రం ఫైలు పెరుగుతుందే తప్ప నాణ్యత పెరగదు.

ఇప్పుడు పాత లేజర్‌డిస్క్‌ల మీద పనిచేసే ఔత్సాహికులు ప్లేయరు మాటే నమ్మడం మానేశారు. లేజరు చదివిన ముడి సంకేతాన్నే సెకనుకు 4 కోట్ల శాంపిళ్లతో పట్టుకుని, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో శబ్దంగా మారుస్తున్నారు. మెరుగైన సాఫ్ట్‌వేర్ వస్తే అదే ముడి సంకేతం నుంచి మళ్లీ తీసుకోవచ్చు. డీవీడీకీ నేను పాటించేది ఇదే: ముందు ట్రాక్‌ను ఉన్నదున్నట్టు విడదీసి దాచాలి, మార్పులన్నీ దాని నకలు మీదే చేయాలి.

మన కాపీరైట్ చట్టంలో 2012లో చేరిన 65ఎ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి తాళాలు విప్పడాన్ని నేరంగా చెబుతోంది. కాబట్టి తీసిన శబ్దాన్ని పంచిపెట్టడం, అమ్మడం వద్దు. కానీ మీరు కొన్న డిస్కులు అల్మారాలో ఉంటే ఆలస్యం చేయకండి. పొరల మధ్య గాలి చేరితే డిస్కులోని అల్యూమినియం పూత పాడవుతుంది, కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవులు ఇప్పటికే కనబడడం లేదు. డ్రైవు దొరుకుతున్నప్పుడే వాటిలోని శబ్దాన్ని తీసి పెట్టుకోండి.